నాలుగో కాలు ఎవరు తిన్నారు?
నూజివీడు మామిడి తోటల్లో కుందేలు వేట, వంట, చట్టం

“నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు” అనే సామెతను మొండివాడిని ఎగతాళి చేయడానికి వాడతారు. బడిలో మాస్టారు చెప్పే అర్థం కూడా అదే. నిజంగా కుందేలును పట్టినవాడికి దాని కాళ్లు నాలుగని తెలుసు. మరి మూడని ఎందుకు చెబుతాడు? మా యానాదుల ఇళ్లలో పెద్దవాళ్లు దీనికి నవ్వుతూ ఒక జవాబు చెప్పేవారు: “నాలుగోది తోట ఆసామికి పోయింది గదా!” సామెత అలా పుట్టిందని నేను అనడం లేదు. కానీ ఆ నవ్వులో ఒక చరిత్ర ఉంది. అడవిలోనూ తోటలోనూ మనం పట్టిన దానిలో ఎవరికెంత వాటా, ఎప్పుడు ఎవరు మన చేతి నుంచి ఏం తీసుకున్నారు అన్నదే ఆ చరిత్ర. దాన్ని వంటింటి వైపు నుంచి చెప్పడమే ఈ వ్యాసం పని.

మన చరిత్రను రాసినవాళ్లు ఎక్కువగా పోలీసు కాగితాల నుంచో, అటవీ శాఖ కాగితాల నుంచో రాశారు. పొయ్యి దగ్గర నుంచి రాసినవాళ్లు తక్కువ. మన పెద్దలు ఏం తిన్నారు, ఎలా వండారు, ఎలా పంచుకున్నారు అన్న సంగతి వాళ్లతోనే పోతోంది. అందుకే ఒక చిన్న జంతువును తీసుకుని మొదలుపెడదాం.

చెవులపిల్లి వేరు, పెంపుడు కుందేలు వేరు

మన వైపు పెద్దవాళ్లు కుందేలును చెవులపిల్లి అంటారు. మెట్టలో, పొదల్లో, తోటల గట్ల మీద తిరిగే ఈ జంతువు, బోనుల్లో పెంచే తెల్ల కుందేలు చూడటానికి ఒకేలా ఉన్నా ఒక జాతివి కావు. చెవులపిల్లి మన దేశంలోనే పుట్టిన అడవి జంతువు. ఇది బొరియ తవ్వదు. గడ్డిలో ఒళ్లు పట్టేంత గుంట చేసుకుని పగలంతా అందులో నక్కి ఉంటుంది. పొద్దుగూకాక మేతకు బయలుదేరుతుంది. దీని పిల్లలు ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని పుడతాయి. పెంపుడు కుందేలు మూలం యూరప్. అది బొరియలు తవ్వుతుంది. దాని పిల్లలు బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడతాయి.

ఈ తేడా వంటలోనూ తెలుస్తుంది. చెవులపిల్లి మాంసం ముదురు ఎరుపు, నార ఎక్కువ, ఉడకడానికి చాలాసేపు పడుతుంది. పెంపుడు కుందేలు మాంసం లేత రంగులో కోడి మాంసానికి దగ్గరగా ఉంటుంది, త్వరగా ఉడుకుతుంది. చట్టంలోనైతే ఈ తేడా ఇంకా పెద్దది. ఒకటి వండితే కూర, ఇంకొకటి వండితే కేసు. ఆ సంగతికి తరువాత వద్దాం.

తోటల నడుమ బతుకు

నూజివీడు అంటే బయటివాళ్లకు చిన్న రసాలు, బంగినపల్లి. ఎర్ర నేలలు, చిన్న చిన్న గుట్టలు, వాటి మధ్య మైళ్ల కొద్దీ మామిడి. ఈ నేల చాలాకాలం మేకా అప్పారాయ వంశపు జమీందార్ల కింద ఉంది. మద్రాసు రాష్ట్రంలో 1802లో శాశ్వత పన్ను విధానం వచ్చి జమీందారీలను కాగితం మీద స్థిరపరచింది. 1948 నాటి ఎస్టేట్ల రద్దు చట్టం వాటిని తీసేసింది. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు నూజివీడు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలోకి వచ్చింది. దొరలు మారారు, జిల్లాలు మారాయి. తోటలో గుడిసె వేసుకుని కాపలా కాసేవాళ్ల జీవితం మాత్రం అంత త్వరగా మారలేదు.

ఈ ప్రాంతంలో గిరిజనులంటే యానాదులు, ఎరుకలు, సుగాలీలు. మనలో చాలామందికి సొంత తోటలు లేవు. పూత వచ్చిన దగ్గర నుంచి కాయ కోసేదాకా కాపలా, మందు కొట్టడం, కాయ కోత, గ్రేడింగ్, నున్న మార్కెట్‌కు పోయే లారీలకు ఎత్తడం మన పనులు. తోటను వ్యాపారి కౌలుకు తీసుకుంటాడు, ఆయన ఒక కుటుంబాన్ని కాపలాకు పెడతాడు. ఆ కుటుంబం నెలల తరబడి చెట్ల కిందే వండుకుని తింటుంది.

చెవులపిల్లికీ ఆ తోటే ఇల్లు. కొత్తగా వేసిన తోటలో వరసల మధ్య వేరుశనగ, మినుము, కంది వేస్తారు. ఆ లేత మొక్కలంటే దానికి ఇష్టం. అంటు మొక్కల లేత బెరడు కూడా కొరుకుతుంది. అందుకని ఆసామి దాన్ని తెగులుగానే చూసేవాడు. “యానాదోళ్లను పిలవండి, వల కట్టిస్తారు” అనేవాళ్లు. వేట అలా ఒక రకం కూలి అయింది. పంట కాపాడినందుకు కూలి వేరే లేదు, పట్టిన జంతువే కూలి. అందులోంచి ఒక తొడ ఆసామి ఇంటికి వెళ్లేది. మూడు కాళ్ల లెక్క అక్కడిదే.

వేటకు కావలసిన సరంజామా కొంచెమే: నూలు తాడుతో అల్లిన పొడుగు వల, కర్రలు, ఒకటి రెండు కుక్కలు. గట్టు వెంట వల నిలబెట్టి, మిగిలినవాళ్లు అటువైపు నుంచి పొదలు కొడుతూ వచ్చేవారు. వల కట్టినవాడికి ఒక వాటా, పొద కొట్టినవాళ్లకు వాటాలు, కుక్కకూ దాని వంతు. ఆ రోజు జ్వరంతో రాలేకపోయినవాడి ఇంటికి కూడా ఒక తునక పంపేవారు. చూలుతో ఉన్న జంతువు చిక్కితే వదిలేయాలని పెద్దలు గట్టిగా చెప్పేవారు. ఈ నియమాలు ఎక్కడా రాసిలేవు, అయినా అవి నియమాలే.

వండే పద్ధతులు

మొదటిది కాల్చడం. గిన్నె, నూనె అక్కర్లేని వంట ఇది. ఎండుగడ్డి మంటలో బొచ్చు కాల్చి, గీకి, పసుపు రాసి కడిగేవారు. తోలు తీయకపోవడానికి కారణం ఉంది. తోలుతో ఉంటే మాంసం ఆరిపోదు, తునక కూడా పెద్దదవుతుంది. పేగులు తీసి, ఉప్పు, ఎండుమిరప నూరిన ముద్ద పట్టించి నిప్పుల మీద తిప్పుతూ కాల్చేవారు. చిన్న ముక్కలైతే మోదుగాకుల్లో చుట్టి నిప్పుల కింద కుమ్మేవారు.

రెండోది ఇగురు. ఇది ఇంట్లో వండే పద్ధతి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి నూనెలో మగ్గాక పసుపు, ఉప్పు వేసిన ముక్కల్ని వేసి, ఊరిన నీరు ఇంకేదాకా కదపకుండా ఉంచాలి. తరువాత అల్లం వెల్లుల్లి, కారం, ధనియాల పొడి వేసి, నీళ్లు పోసి, సన్నని మంట మీద దగ్గరకు రానివ్వాలి. చెవులపిల్లికి గంటన్నరైనా పట్టేదట. పెంపుడు కుందేలుకు ముప్పావుగంట చాలు. మంట ఎక్కువైతే ముక్క గట్టిపడి పీచులా అవుతుంది.

మూడోది మామిడికాయ పులుసు. ఈ తోటల నేల రుచి ఇందులోనే ఉంది. చైత్ర వైశాఖాల్లో గాలికి రాలిన పచ్చి కాయను చెక్కు తీసి ముక్కలు కోసి, మాంసం ముప్పాతిక ఉడికాక వేస్తారు. ముందే వేస్తే కాయ కరిగి గుజ్జయిపోతుంది. పులుపు ముదురు మాంసాన్ని మెత్తబరుస్తుంది, వాసన తగ్గిస్తుంది. చెట్టు మీది కాయ వ్యాపారిది, నేల మీద రాలిన కాయ కాపలావాడిది. తోటలో పెద్ద పండు తినే హక్కు లేని మనిషి, రాలుకాయతో ఒక వంట కనిపెట్టాడు. మామిడి లేని రోజుల్లో అదే పని చింతచిగురు, గోంగూర చేసేవి.

నాలుగోది ఎండు తునకలు. ఎక్కువ దొరికిన రోజున సన్నగా చీల్చి, ఉప్పు పసుపు రాసి, తాడు మీద ఎండలో ఆరేసేవారు. వానాకాలంలో పని లేని రోజుల్లో వాటిని నానబెట్టి, దంచి, పులుసులో వేసేవారు. ఫ్రిజ్ లేని ఇంటి నిల్వ అది.

ఈ నాలుగింటిలోనూ మనవాళ్లు గమనించిన ఒక సంగతి ఉంది. కుందేలు మాంసంలో కొవ్వు బాగా తక్కువ. అందుకే ఇగురులో నూనె కాస్త ధారాళంగా పోసేవారు, లేదా వేరుశనగ నూరి కలిపేవారు, జొన్నన్నమో వరన్నమో నిండుగా పెట్టుకునేవారు. ఉత్తర ధ్రువ ప్రాంతంలో తిరిగిన విల్జాల్మర్ స్టెఫాన్సన్ అనే అన్వేషకుడు దీని గురించి రాశాడు. చలికాలంలో కొవ్వు దొరక్క కేవలం కుందేలు మాంసమే తిన్నవాళ్లు, కడుపు నిండా తింటున్నా ఆకలితో నీరసించి జబ్బుపడేవారని చెప్పాడు. అక్కడివాళ్లు దాన్ని కుందేలు ఆకలి అన్నారు. మాంసం ఒక్కటే తిండి కాదనే సంగతి మన ఆడవాళ్లకు వంట ద్వారానే తెలిసింది.

చట్టం అడుగడుగునా

ఇప్పుడు మిగిలిన మూడు కాళ్ల సంగతి.

1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవిలో నిబంధనలకు విరుద్ధంగా వేటాడటం, ఉచ్చులు పెట్టడం నేరమైంది. దీనికి సరిగ్గా రెండేళ్ల ముందు, 1880లో, ఇంగ్లండులో ఇంకో చట్టం వచ్చింది. కౌలు రైతు తాను సాగుచేసే భూమిలో కుందేళ్లను పట్టుకునే హక్కును భూస్వామి లాక్కోకుండా చేసింది ఆ చట్టం. అంటే అక్కడి పేదవాడికి ఇచ్చిన హక్కునే ఇక్కడి పేదవాడి నుంచి అదే ప్రభుత్వం తీసుకుంది. ఈ రెండు సంవత్సరాలనూ పిల్లల చేత పక్కపక్కన రాయించండి. వలస పాలన అంటే ఏమిటో వేరే వివరించక్కర్లేదు.

1871 నాటి నేరస్థ జాతుల చట్టాన్ని 1911లో కొత్తగా రాసి మద్రాసు రాష్ట్రానికీ వర్తింపజేశారు. ఎరుకలను, కొన్నిచోట్ల యానాదులను కూడా ఆ జాబితాలోకి ఎక్కించారు. పేరు నమోదైనవాడు చెప్పిన వేళకు పోలీసులకు కనబడాలి, ఊరు దాటాలంటే అనుమతి కావాలి. బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఆ కాలంలోనే వచ్చాయి. చెవులపిల్లి రాత్రి తిరిగే జంతువు. రాత్రి ఇంట్లో లేని ఎరుకలవాడు, చేతిలో వల ఉన్నా సంచి ఉన్నా, దొంగ కిందే లెక్క. వేట మానడానికి ఏ అటవీ చట్టం కన్నా ఈ భయమే ఎక్కువ కారణమై ఉంటుందని నేను అనుకుంటాను. 1952లో ఆ చట్టం రద్దయింది. పోలీసు చూపు అంత త్వరగా రద్దు కాలేదు.

1912లో అడవి పక్షులు, జంతువుల రక్షణ చట్టం వచ్చింది. దాని జాబితాలో ఏనుగు లేదు, పులి లేదు, కుందేలు ఉంది. ప్రభుత్వం ప్రకటించిన కాలంలో ఈ జాబితాలోని జంతువును పట్టకూడదు, అమ్మకూడదు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అందులో కుందేలును నాలుగో షెడ్యూలులో పెట్టారు. మొదట్లో ఆ చట్టం కింద చిన్న జంతువుల వేటకు లైసెన్సు ఇచ్చే పద్ధతి కూడా ఉండేది. లైసెన్సుకు దరఖాస్తు, రుసుము కావాలి. తుపాకీ, జీపు ఉన్నవాడికి అవి కష్టం కాదు. చదువు రాని వలవాడు మాత్రం మొదటి రోజు నుంచే నేరస్థుడు. 1991 సవరణతో ఆ లైసెన్సులు కూడా పోయాయి. 2022 సవరణతో, అంటే 2023 ఏప్రిల్ 1 నుంచి, షెడ్యూళ్లు తగ్గించి మళ్లీ రాశారు. కుందేలు ఇప్పుడు రెండో షెడ్యూలులో ఉంది. వేటాడితే మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. మాంసం ఇంట్లో దొరికినా కేసే.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. సంప్రదాయంగా అనుభవిస్తున్న ఇతర హక్కులనూ గుర్తిస్తానని చెప్పిన సెక్షన్ 3 అదే వాక్యంలో ఒక మినహాయింపు పెట్టింది: వేటాడే, ఉచ్చు పెట్టే సంప్రదాయ హక్కు తప్ప. దుంప తవ్వవచ్చు, తేనె తీయవచ్చు, వేట మాత్రం లేదు. మన యువకులు ఈ మినహాయింపు తెలుసుకుని ఉండాలి. “మాది గిరిజన హక్కు” అని స్టేషనులో వాదిస్తే నిలబడదు.

దేవుడి వేట, పేదవాడి వేట

వేట మన సమాజానికి పరాయిది కాదు. తిరుమలలో సంక్రాంతి మరునాడు పారువేట ఉత్సవం జరుగుతుంది. అహోబిలంలో కనుమ నాడు మొదలయ్యే పారువేటలో స్వామి ఊరూరా తిరుగుతాడు. చెంచులక్ష్మి పుట్టింటివాళ్లుగా చెంచులకు అక్కడ గౌరవం ఉంది. రాజుల విషయానికి వస్తే, కల్యాణి చాళుక్య రాజు మూడో సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రాయించిన మానసోల్లాసంలో వేట ఒక రాజ వినోదం. మాంసం వండే పద్ధతులు కూడా అందులో వివరంగా ఉన్నాయి. పొలాల్లో దొరికే ఎలుకల్ని వండే విధానం కూడా ఉంది!

ఈ చివరి మాటను మన పిల్లలకు తప్పకుండా చెప్పాలి. వరి చేలలో బొరియల్లోకి కుండతో పొగ ఊది ఎలుకల్ని పట్టడం యానాదుల పేరుగాంచిన నేర్పు. అది లేకపోతే డెల్టాలో ఎంత ధాన్యం ఎలుకల పాలయ్యేదో రైతులకు తెలుసు. అయినా ఆ నేర్పు మన పిల్లలకు బడిలో తిట్టుగా తిరిగి వస్తుంది. 1909లో ఎడ్గార్ థర్‌స్టన్, కె. రంగాచారి కలిసి వెలువరించిన దక్షిణ భారత కులాలు, తెగల ఏడు సంపుటాల్లోనూ మన తిండి ఒక వింతగానే కనబడుతుంది. రాజు తింటే శాస్త్రం, మనం తింటే అసహ్యం. తిండి మారలేదు, తినేవాడు మారాడు.

ఇప్పుడు ఏం చేద్దాం

నేను వేటను మళ్లీ మొదలుపెట్టమనడం లేదు. దానికి కారణం చట్టం ఒక్కటే కాదు. పాత వేటలో నియమాలు ఉండేవి. ఇప్పుడు పెట్టేది బండి క్లచ్ వైరు ఉచ్చు, లేదా కరెంటు తీగ. వాటికి చూలు జంతువు తెలియదు, పిల్ల తెలియదు. కరెంటు తీగ తగిలి మనుషులే చనిపోతున్నారు. పొదలు కూడా తగ్గాయి. మామిడి నరికి ఆయిల్‌పామ్, మొక్కజొన్న వేస్తున్న చోట చెవులపిల్లి నక్కడానికి గట్టు మిగల్లేదు. తాతలు తిన్న జంతువు మనవలకు కనబడనైనా కనబడాలి.

వంట మిగలాలంటే పెంపుడు కుందేలు దారి ఉంది. న్యూజిలాండ్ వైట్, సోవియట్ చించిల్లా, వైట్ జెయింట్ లాంటి మాంసపు జాతులు మన దేశంలో ఉన్నాయి. కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థకు కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో ఒక కేంద్రం ఉంది, అక్కడ కుందేళ్ల మీద పని జరుగుతుంది. ఈత నెల రోజులకు వస్తుంది, ఒక్కో ఈతకు ఆరేడు పిల్లలు, మూడు నెలల్లో రెండు కిలోల బరువు. లెక్క బాగానే ఉంటుంది. కానీ కుందేలు వేడిని తట్టుకోలేదు. మన్నవనూరు చల్లటి కొండ. నూజివీడులో మే నెల ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడికి మగ కుందేళ్లు కొంతకాలం గొడ్డుబోతాయి, పిల్లలు చనిపోతాయి. రేకుల షెడ్డు వేస్తే నష్టమే. మామిడి నీడలో తాటాకు కప్పు వేసి, మంచె మీద బోను పెట్టి, వేసవిలో ఈతలు ఆపుకుంటేనే నిలుస్తుంది. ఒకేసారి వంద యూనిట్లు అమ్మజూపే ఏజెంట్ల మాట నమ్మి అప్పు చేయకండి. రెండు ఆడవి, ఒక మగది పెట్టి, ఒక వేసవి గడిపి చూడండి. బోను లోంచి వాటిని బయట వదలొద్దు. 1859లో ఆస్ట్రేలియాలో ఒక దొర వేటాడుకోవడానికి వదిలిన పాతిక లోపు కుందేళ్లు ఆ ఖండం పంటలనే మేసేశాయి.

ఉపాధ్యాయులకు ఒక విన్నపం. ఊరి చరిత్ర రాయించేటప్పుడు జమీందారు కోటతో పాటు కాపలా గుడిసె పొయ్యిని కూడా చేర్చండి. పిల్లలు ఇంట్లో అమ్మమ్మను, నాయనమ్మను ఈ నాలుగు ప్రశ్నలు అడగాలి. మీ చిన్నప్పుడు ఏ మాంసం ఏ కాలంలో వండేవారు? ఎవరెవరికి వాటాలు పంచేవారు? ఏ జంతువును, ఎప్పుడు పట్టకూడదనేవారు? ఎప్పుడు మానేశారు, ఎందుకు? జవాబుల్ని ఆమె మాటల్లోనే రాసుకోవాలి. యానాది మాట, ఎరుకల భాష, లంబాడీ మాట ఏదైతే అది, తెలుగు లిపిలో. పాత్రల పేర్లు, వలలో ముడుల పేర్లు, ఆకుల పేర్లు వదలకూడదు. మాట్లాడినవాళ్లకు ఇబ్బంది రాకుండా ఎవరి పేరూ రాయవద్దు. ఎందుకంటే చట్టం దృష్టిలో కొన్ని జ్ఞాపకాలు ఇంకా నేరాలే.

నాలుగో ప్రశ్నకు వచ్చే జవాబులు జాగ్రత్తగా వినండి. ఒకరు ఫారెస్టు గార్డు అంటారు, ఒకరు పోలీసు అంటారు, ఒకరు పిల్లలు సిగ్గుపడుతున్నారని అంటారు. మొదటి రెండు మన చేతుల్లో లేనివి. మూడోది మాత్రం మన తరగతి గదిలోనే తీర్చవలసింది.